చెయ్యి తీసేదాకా ఆవిడదే

మొన్న మంగళవారం ఎ.కొండూరు నుంచి దుర్గ తన గ్రైండర్‌ని రిపేరుకి పట్టుకొచ్చింది. ఐదు లీటర్లది, నా షాపులో కొన్నదే. నాలుగేళ్లుగా పొద్దునా సాయంత్రం పిండి రుబ్బుతోంది కదా, బెల్టు అరిగిపోయింది. ఆటోలోంచి దింపగానే దుర్గ దాని డ్రమ్ము మీద అరచెయ్యి ఆనించి ఒక్క క్షణం నిలబడింది. తర్వాత చెయ్యి తీసి, "ఇక చూడండి షావుకారు గారూ" అంది.

అలా చెయ్యి ఆనించడం ఎవరి దగ్గర నేర్చుకుందో నాకు తెలుసు. ఆపా పోయి ఆరు నెలలు దాటింది. ఈ ఆరు నెలలూ ఆవిణ్ణి రోజూ తలుచుకున్నానని చెబితే అబద్ధం. తలుచుకోకుండా ఉండటానికే నానా తంటాలూ పడ్డాను. ఆవిడకి నేనొక మాట చెప్పాల్సి ఉండి చెప్పలేదు. మూడున్నరేళ్లు టైమిచ్చింది మహాతల్లి, అయినా చెప్పలేదు.

ఆవిడ పేరు రాయను. హిందువులూ ముస్లిములూ, నా షాపు ముందు జామకాయలమ్మే ముసలమ్మతో సహా, అందరూ ఆపా అనే పిలిచేవాళ్లు. ఆపా అంటే అక్క. నాకంటే పదిహేనేళ్లు పెద్దది, నేనూ అలాగే పిలిచాను. ఎక్కడ పుట్టింది, ఏం చదువుకుంది, భర్త ఎప్పుడు పోయాడు, ఇవేవీ నాకు సరిగ్గా తెలియవు. బాగా తెలిసింది ఆవిడ నా షాపు మెట్లెక్కే తీరు. నల్లగొడుగుతో మొదటి మెట్టు మీద రెండుసార్లు కొట్టి, "ఉన్నారా షావుకారు గారూ" అనేది. ఎదురుగా కుర్చీలో కొండలా కూర్చున్నవాణ్ణి పట్టుకుని ఉన్నారా అని అడగటమేంటో! మెడలో తనే కుట్టుకున్న పూలగుడ్డ సంచీ, అందులో ఫోను. మెసేజి వస్తే ఫోన్ని చెయ్యంత దూరం పెట్టి బజారంతా వినేలా చదివేది. రహస్యాలేవీ ఉండేవి కావు ఆవిడ దగ్గర, నాకు అదే ఇబ్బందిగా ఉండేది.

మాది తిరువూరు బస్టాండు రోడ్డులో కుట్టు మిషన్లు, గ్రైండర్లు, మిక్సీలు అమ్మే షాపు. దానికి ముందు మా నాన్న రోజువారీ ఫైనాన్స్ నడిపాడు. ఇచ్చేటప్పుడే వడ్డీ కోసుకుని, ఆ తర్వాత రోజూ సాయంత్రం వసూలుకి తిరిగేవాడు. అంటే వడ్డీ నాకు వెన్నతో పెట్టిన విద్య. అందుకే మొదటిసారి ఆవిడ వచ్చి తన ఫోన్ అప్పు సంగతి చెప్పినప్పుడు నాకు నవ్వొచ్చింది.

సంగతేంటంటే, చిన్న చిన్న వ్యాపారాలు చేసుకునేవాళ్లకి ఇస్లాం పద్ధతిలో, వడ్డీ లేకుండా, ఫోన్ మీదే అప్పు నడిపే సంస్థ ఒకటుంది. చేతికి డబ్బివ్వరు. ఇడ్లీ బండివాడికి గ్రైండర్ కావాలన్నా, జాకెట్లు కుట్టే అమ్మాయికి మిషన్ కావాలన్నా, ఊళ్లో ఉన్న సంస్థ మనిషి ముందు ఆ వస్తువుని కొనాలి. కొన్నాక, పైన ఇంత లాభం వేసుకుంటున్నానని చెప్పి, వాళ్లకి వాయిదాల మీద అమ్మాలి. వాయిదా ఆలస్యమైనా ఆ ధర పెరగదు. ఏ కులం, ఏ మతం అని అడగరు. తిరువూరు చుట్టుపక్కలకి ఆ మనిషి మా ఆపా.

"దానికీ వడ్డీకీ తేడా ఏంటి ఆపా? మీరు లాభం అంటున్నారు, మా నాన్న వడ్డీ అన్నాడు. పేరు మార్చారు, అంతేగా?" అన్నాను.

ఆవిడకి కోపం రాలేదు. పక్కనున్న గ్రైండర్ మీద అరచెయ్యి పెట్టింది. "ఇది నేను కొన్నాననుకోండి. మా ఇంటికి తీసుకెళ్లాను. అక్కడ పిల్లి దూకి కింద పడేసింది. నష్టం ఎవరికి?"

"మీకే."

"మీ నాన్నగారి దగ్గర అప్పు తీసుకుని కొన్న గ్రైండర్‌ని పిల్లి పడేస్తే?"

మా నాన్న ఆ సాయంత్రం కూడా వసూలుకి వెళ్లేవాడు. దారిలో పిల్లి కనిపిస్తే దాన్నీ అడిగేవాడు.

"అదండీ తేడా. ముందు నాదవ్వాలి. కాసేపైనా సరే, అది ఏమైపోతుందోనన్న భయం నాకుండాలి. ఆ భయం పడకుండా లాభం తింటే నాకు అరగదు షావుకారు గారూ" అంది.

ముందు నాదవ్వాలి. ఈ మాట ఆ తర్వాత ఎన్ని వందలసార్లు విన్నానో!

వస్తువు కొనే రోజు ఆవిడ నా షాపులో టీ తాగేది కాదు. "టీ తాగితే బేరం మెత్తబడుద్దండి" అనేది. మామూలు రోజుల్లో మాత్రం దర్జాగా కూర్చుని రెండు గ్లాసులు తాగేది, పంచదార తక్కువైందని వంక కూడా పెట్టేది. గ్రైండర్‌ని ఆన్ చేయించి, కళ్లు మూసుకుని, మోటారు దగ్గర చెవి పెట్టి వినేది. డాక్టరు కూడా అంత శ్రద్ధగా వినడు. నచ్చితే డబ్బు కట్టి, ఆటో మాట్లాడి, వెనకవీధిలో ఉన్న తన ఇంటికి తీసుకెళ్లి వరండాలో పెట్టేది. కొనుక్కునేవాళ్లు అక్కడికి రావాలి. వాళ్ల ముందు వస్తువు మీద అరచెయ్యి ఆనించి, "షావుకారు గారి దగ్గర ఇంతకి కొన్నాను, నీకు ఇంతకి అమ్ముతున్నాను, మధ్యలో ఇంత లాభం, ఇష్టమేనా?" అని అడిగేది. ఇష్టమంటే, "ఇప్పటిదాకా నాది. ఇక నీది" అని చెయ్యి తీసేది.

కొన్న ధర బయటపెట్టే వ్యాపారిని ఎక్కడైనా చూశారా? నేను లబోదిబోమన్నాను. నేను ఎంతకిస్తున్నానో ఊరందరికీ తెలిసిపోతోంది కదా! "మంచి ధరకే ఇస్తున్నారుగా, తెలిస్తే మీకే పేరు" అని నా నోరు మూయించింది.

అసలు ఇంత తతంగం అక్కర్లేదు. సంస్థవాళ్లు అడిగేది ఒక బిల్లు, వస్తువు పక్కన ఆపా నిలబడ్డ ఫోటో. ఫోటో పంపగానే కొనుక్కునేవాళ్ల ఫోన్‌కి మెసేజి వస్తుంది, 'సమ్మతమే' అని నొక్కితే అమ్మకం అయిపోయినట్టు. వేరే ఊళ్లలో వాళ్ల మనుషులు షాపులోనే ఫోటో తీసి, షాపులోనే నొక్కించి, అటునుంచటే సాగనంపేస్తారట. ఈవిడ మాత్రం అంత బరువున్న గ్రైండర్‌ని ఆటో ఎక్కించి, దింపించి, మళ్లీ ఎక్కించి, ఆ కిరాయి కూడా తనే ఇచ్చుకునేది.

"ఫోటోలో మీరున్నారుగా ఆపా, ఇంటిదాకా వెళ్లిందో లేదో ఎవరు చూడొచ్చారు?" అని అడిగానొకసారి.

"ఫోటో వాళ్లకండి. భయం నాకు" అంది.

ఇక దుర్గ సంగతి. నాలుగేళ్ల క్రితం, మామిడికాయల సీజను, ఎండ మాడ్చేస్తోంది. దుర్గ అప్పట్లో చిన్న గ్రైండర్ మీద దోసెల పిండి రుబ్బి, కవర్లలో పోసి, ఎ.కొండూరులో ఇంటింటికీ తిరిగి అమ్మేది. రెండు టిఫిన్ బళ్లవాళ్లు రోజూ పిండి తీసుకుంటామన్నారు. ఆ బేరం నిలబడితే ఎండలో ఇంటింటికీ తిరిగే పని తప్పుతుంది. సోమవారం నుంచి పోస్తానని మాటిచ్చేసింది, చిన్న గ్రైండర్ అంత పిండి తట్టుకోదు. ఆపా సాయంతో పెద్దది తీసుకుందామని శనివారం నా షాపుకొచ్చింది.

ఆపా వచ్చింది, చెవి పెట్టి విన్నది, డబ్బు కట్టింది. ఫోటో వెంటనే పంపమంటారు కాబట్టి షాపులోనే తీసి పంపింది. దుర్గ ఫోన్ మోగింది.

"ఇప్పుడే నొక్కకు తల్లీ. నమాజు చేసుకుని ఆటో తీసుకొస్తా. మా ఇంటికి చేరాక, నేను చెయ్యి తీశాక నొక్కు" అని దుర్గకి చెప్పింది. నావైపు తిరిగి, "షావుకారు గారూ, కదిలించకండి" అంది.

కదిలించకుండా ఉంటే నా సొమ్మేం పోయింది? కానీ అరగంటలో ఎ.కొండూరు ఆటో ఒకటి మామిడికాయలు దింపి ఖాళీగా పోతూ కనిపించింది. నాలోని తెలివి నిద్రలేచింది. "దుర్గా, ఖాళీ ఆటో, సగం కిరాయికి తీసుకెళ్తాడు. నొక్కేసి ఎక్కించుకుపో. నీకూ మిగులు, ఆపాకీ మిగులు" అన్నాను.

"ఆపా వద్దన్నారు కదండీ" అంది భయంగా.

"నేనున్నాగా. ఆవిడకి నేను చెబుతాలే, నొక్కు" అన్నాను. నొక్కింది. గ్రైండర్ ఎక్కించాం. తాడు కట్టించాలన్న ధ్యాస కూడా లేదు నాకు, ఇంకో బేరం వచ్చి అటు తిరిగాను.

ఊరు దాటగానే ఆటో గోతిలో పడి ఎగిరింది. గ్రైండర్ జారి రోడ్డు మీద పడింది. రాళ్లు పగిలాయి, డ్రమ్ము సొట్టపడింది, మోటారు ఇరుసు వంగిపోయింది. దుర్గ అదే ఆటోలో తిరిగొచ్చింది, పగిలిన రాయి ఒకటి ఒళ్లో పెట్టుకుని. సరిగ్గా అప్పుడే ఆపా తన ఆటో తీసుకుని వచ్చింది.

ఆ తర్వాత జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నాకు చెవులు వేడెక్కుతాయి. ఆటోవాడు, "కట్టుకోవాల్సింది మీరు, నాకేం సంబంధం" అన్నాడు. నేను నా బిల్లు కింద అచ్చేయించిన లైను చూపించాను, అమ్మిన సరుకు తిరిగి తీసుకోబడదని. దుర్గ ఏడుపు ఆపుకుంటూ, "నొక్కేశాను కదా ఆపా, ఇక నాదే. వాయిదాలు నేనే కట్టుకోవాలి" అంది.

"ఎవరు నొక్కమన్నారు?" అంది ఆపా.

దుర్గ నా మొహం చూసింది. నేను క్యాలిక్యులేటర్ తీసి టకటకా కొట్టడం మొదలుపెట్టాను. కూడాల్సిందేమీ లేదు, ఊరికే కొట్టాను.

"నేనే నొక్కాను. తొందరపడ్డాను" అంది దుర్గ.

ఆ పిల్ల అలా ఎందుకందో నాకు అప్పుడే అర్థమైంది. రేపు బెల్టు తెగినా రాయి అరిగినా నా దగ్గరికే రావాలి, నాతో గొడవ పెట్టుకుని ఎలా బతుకుతుంది? అర్థమయ్యీ నోరెత్తలేదు. పైగా, "ఫోన్లో అమ్మకం అయిపోయింది ఆపా. లెక్కప్రకారం దుర్గదే" అన్నాను. ఈ నోటితోనే అన్నాను.

ఆపా మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. ఇంకేం అడగలేదు. మెట్ల మీద కూర్చుని, ఆ సొట్టపడ్డ డ్రమ్ము మీద అరచెయ్యి ఆనించింది.

"ఇది నాది" అంది.

"అదెలా ఆపా?"

"డబ్బు కట్టింది నేను. కొన్నాను కానీ చేతికి తీసుకోలేదు. చేతికి రానిదాన్ని నేను అమ్మకూడదు. కాబట్టి ఆ అమ్మకం చెల్లదు. చెల్లకపోతే ఈ పిల్లది కాదు. మీ బిల్లు ప్రకారం మీది కాదు. ఇక నాది కాక ఎవరిదండీ?"

ఈ బజార్లో నలభై ఏళ్లుగా ఉన్నాను. లాభం నాదంటే నాదని చొక్కాలు పట్టుకున్నవాళ్లని చూశాను. అన్నదమ్ములు తక్కెడ కోసం కొట్టుకోవడం చూశాను. పగిలిపోయిన వస్తువు నాదని అంత గట్టిగా వాదించి గెలిచిన మనిషిని అదే మొదలు చూడటం, అదే ఆఖరు.

ఆవిడ అక్కడే సంస్థవాళ్లకి ఫోన్ చేసింది, స్పీకర్ పెట్టి. అవతల కుర్రాడు మర్యాదగానే, "మేడం, కస్టమర్ ఒప్పుకున్నారు కదండీ, సిస్టమ్‌లో సేల్ అయిపోయింది" అన్నాడు.

"నీ సిస్టమ్ గ్రైండర్‌ని ముట్టుకుందా నాయనా?" అంది. వాడు పైవాళ్లని అడిగి చెబుతానన్నాడు. పావుగంటలో అమ్మకం రద్దు చేశారు. నష్టంలో సగం మేం భరిస్తామన్నారు కూడా. "వద్దు. నేను దగ్గరుండాల్సింది, లేను. జాగ్రత్త తప్పింది నాది" అని పెట్టేసింది.

తర్వాత పూలసంచీలోంచి ఒక కవరు తీసి నా బల్ల మీద పెట్టింది. "వరండా రేకులు మార్పిద్దామని ఉంచాను. వానలు ఇంకా రాలేదుగా. ఇంకో గ్రైండర్ ఇవ్వండి, సోమవారానికి ఈ పిల్ల పిండి పొయ్యాలి" అంది.

తీసుకున్నాను. కొంచెం తగ్గించి, పెద్ద ఉపకారం చేసినవాడిలా మొహం కూడా పెట్టాను. ఛీ.

ఆ రోజు మొదటిసారి వాళ్లింటికి నేనూ వెళ్లాను. వరండా రేకులకి ఎక్కడ చూసినా చిల్లులే. వాటిలోంచి ఎండ పడి గ్రైండర్ మీద మచ్చలు మచ్చలుగా ఉంది. ఆపా దాని మీద చెయ్యి ఆనించి, కొన్న ధరా అమ్మే ధరా లాభమూ చెప్పి, ఇష్టమేనా అని అడిగింది. పగిలినదాని నష్టం ఈ ధరలో పైసా కూడా కలపలేదు. "ఇప్పటిదాకా నాది. ఇక నీది తల్లీ." అప్పుడు నొక్కింది దుర్గ. సోమవారం తెల్లారేసరికి రెండు బళ్లకీ పిండి పోసింది.

వానాకాలంలో ఒకరోజు మిషన్ బెల్టు ఇవ్వడానికి వాళ్లింటికెళ్లాను. జోరున వాన. వరండా అంతా గిన్నెలూ బకెట్లూ, వాటిలో టపటపా నీళ్లు పడుతున్నాయి. ఆవిడ మంచం తడిసింది, భుజాన కొంగు తడిసింది. పొడిగా ఉన్న ఒకే ఒక్క మూల కుట్టు మిషనొకటి, రెండు ప్లాస్టిక్ పట్టాలు కప్పుకుని, పైన ఆ నల్లగొడుగు కూడా వేయించుకుని, పెళ్లికూతురిలా కూర్చుంది.

"ఎవరిదాపా ఇది?"

"సాయంత్రం దాకా నాదే" అని నవ్వింది. తడిసిన మంచం మీదే కూర్చుని, హాయిగా నవ్వింది.

అప్పుడు చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. "బెల్టు తెచ్చాను" అన్నాను.

ఆ తర్వాత కూడా ఆవిడ అలాగే వచ్చేది. గొడుగుతో మెట్టు మీద కొట్టి, "ఉన్నారా షావుకారు గారూ" అనేది. ఒక్కోసారి టీ తాగడం అయిపోయినా లేవకుండా, గ్లాసు చేతిలో తిప్పుతూ నా మొహంలోకి చూసేది. నేను ఎండల గురించో పత్తి రేటు గురించో ఎత్తుకునేవాణ్ణి. "సరే, ఉంటానండి" అని లేచేది. మూడు రోజుల జ్వరంతో పోయిందని తెలిసినప్పుడు వెళ్లాను. మసీదు గేటు బయట చెప్పులేసుకునే నిలబడి తిరిగొచ్చాను.

మొన్న మంగళవారం బెల్టు మార్చి, గ్రైండర్ ఆన్ చేసి, నాకు తెలియకుండానే మోటారు దగ్గర చెవి పెట్టాను. దుర్గ నవ్వింది. ఆ నవ్వు చూశాక ఇక ఆగలేకపోయాను.

"దుర్గా, ఆ మొదటి గ్రైండర్ పగిలింది నా వల్ల. నొక్కమంది నేను. ఆపాకి చెబుతానని నీకు చెప్పి, చెప్పలేదు" అన్నాను.

"ఆపాకి తెలుసండి" అంది దుర్గ.

"ఎప్పుడు?"

"ఆ మర్నాడే నేను చెప్పేశాను. ఆవిడ రేకుల డబ్బు పెట్టేశారు, నాకు అన్నం సహించలేదు. 'వెళ్లి షావుకారు గారిని అడుగుదాం పదండి' అన్నాను."

"ఏమన్నారు?"

దుర్గ గ్రైండర్ ఆపింది. "'నేను అడిగితే ఆయన సిగ్గుపడి ఇచ్చేస్తాడు తల్లీ. అప్పుడది నేను వసూలు చేసుకున్నట్టవుద్ది. ఆయనే వచ్చి ఆ నష్టం నాది అంటే అప్పుడే ఆయనదవుద్ది. అందాకా నా దగ్గరుంటుందిలే' అన్నారండి. మీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నారు."

కుర్చీలో కూలబడ్డాను. వసూలు చేసుకునే ఇంట్లో పుట్టినవాణ్ణి, ఇంకొకరి తప్పుని ఇలా దాచిపెట్టేవాళ్లు కూడా ఉంటారని నాకు తెలియదు. మూడున్నరేళ్లు ఆవిడ నా నష్టం మీద చెయ్యి ఆనించి, నేను వస్తానని కూర్చుంది. వానలో తడుస్తూ కూర్చుంది. అందుకేనేమో అన్నిసార్లు గ్లాసు చేతిలో తిప్పుతూ నా మొహం చూసింది. బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను, సిగ్గేం పడలేదు. దుర్గ మంచినీళ్లు తెచ్చిచ్చింది.

మర్నాడు రేకులు కొన్నాను. ఆటోకి నా చేత్తో నేనే తాడు బిగించి కట్టాను, రెండుసార్లు లాగి చూశాను. చాలక రేకుల పక్కనే కూర్చుని, దారంతా పట్టుకున్నాను. వెనకవీధిలో ఆవిడ ఇంటి ముందు ఆటో ఆగగానే కోడలు బయటికొచ్చింది. సంస్థ పని ఇప్పుడు ఆ అమ్మాయే చూస్తోంది. మెడలో ఆ పూలగుడ్డ సంచీయే ఉంది. వెనక వరండాలో, అవే చిల్లుల రేకుల కింద, ఎవరికో కొన్న మిక్సీ ఒకటి ప్లాస్టిక్ పట్టా కప్పుకుని ఉంది.

"ఇవేంటి షావుకారు గారూ? మేం చెప్పలేదే. ఎంతైంది?" అంది కంగారుగా.

నేను రేకుల మీద అరచెయ్యి ఆనించాను. ఎండకి కాలిపోతున్నాయి, అయినా ఆనించాను. చెప్పాల్సింది ఈ అమ్మాయికి కాదని తెలుసు. కానీ ఆ వరండా వింటుందిగా.

"ఆ పగిలిన గ్రైండర్ నాదమ్మా" అని చెయ్యి తీశాను.